స్థానికుడెవరు? – పాల్వంచ దీక్షలనుంచి భద్రాచలం ఏజెన్సీ దాకా

1969 జనవరి రెండవ వారంలో ఖమ్మం గాంధీచౌకులో అన్నబత్తుల రవీంద్రనాథ్ అనే బి.ఏ. విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చున్నాడు. పట్టణ పురపాలకసంఘం ఉపాధ్యక్షుడు, ఉర్దూలోనూ తెలుగులోనూ రచనలు చేసిన కవిరాజమూర్తి కూడా ఆ దీక్షలో పాల్గొన్నారు. అవే రోజులలో, అక్కడికి తూర్పున అడవి అంచున వున్న పాల్వంచలో థర్మల్ విద్యుత్కేంద్రం ఉద్యోగులు ఆందోళన మొదలుపెట్టారు. వారి కోరిక చాలా చిన్నది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషులు వ్రాసి సంతకాలు చేసిన ఒప్పందాన్ని అమలు జరపమన్నారు. ప్రత్యేక రాష్ట్రం మాట అప్పటికి ఆ దీక్షాశిబిరాలలో పుట్టలేదు.

కొద్ది రోజుల్లోనే ఈ ఆందోళన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ప్రాకింది. జనవరి 24న సదాశివపేటలో పోలీసు కాల్పులు జరిగాయి. ఏడాది ముగిసేసరికి ఉద్యమకారుల లెక్కప్రకారం మృతుల సంఖ్య 369. ప్రభుత్వం చెప్పిన సంఖ్య అంతకంటే చాలా తక్కువ. ఇదంతా పాఠకులెరిగిన చరిత్రే. ఈ వ్యాసంలో నేను తడిమి చూడదలచినది వేరొకటి. అంతపెద్ద వుద్యమం హైదరాబాదులో కాక ఖమ్మం, పాల్వంచలలో ఎందుకు మొదలైంది? అక్కడి యువకులు లేవనెత్తిన ప్రశ్నలో ఎవరు చేరారు, ఎవరు మిగిలిపోయారు? ఈ రెండవ ప్రశ్నను మనం, అభ్యుదయవాదులమనుకునేవారం, వేసుకోవలసినంతగా వేసుకోలేదు.

పాల్వంచ సంగతి ముందు చూద్దాం. నైజాం రాజ్యంలో 1880ల చివరనుంచీ ఇల్లందు చుట్టుపట్ల బొగ్గు త్రవ్వుతున్నారు. సింగరేణి అనే చిన్న గ్రామం పేరు ఆ కంపెనీకి వచ్చింది. తరువాత గనులు కొత్తగూడేనికి విస్తరించాయి. ఆ బొగ్గును ఆధారం చేసుకుని, కిన్నెరసాని వాగుకు కట్టిన ఆనకట్ట నీటితో, పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రాన్ని కట్టారు. 60 మెగావాట్ల యూనిట్లు రెండు 1966లో పనిచేయడం మొదలుపెట్టాయి. అంటే దీక్షలనాటికి ఆ కేంద్రం వయస్సు మూడేళ్ళు కూడా నిండలేదు. బొగ్గు ఇక్కడిది, నీరు ఇక్కడిది, నేల ఇక్కడిది. కేంద్రంలో కొలువులు మాత్రం కోస్తా జిల్లాలనుంచి వచ్చినవారికి పోతున్నాయన్న భావన చదువుకున్న యువకులలో బలపడింది. హైదరాబాదు సచివాలయంలో ఫైళ్ళమధ్య జరిగే అన్యాయం కంటికి కనపడదు. కొత్తగా కట్టిన క్వార్టర్లలోకి ఎవరు దిగుతున్నారో చిన్న వూళ్ళో అందరికీ కనపడుతుంది. ఉద్యమం పాల్వంచలో అంటుకోవడానికి నాకు తోచిన మొదటి కారణం ఇది.

రెండవ కారణం చట్టంలో వున్నది. నిజాము 1919 ఫర్మానా ప్రకారం రాజ్యంలో పదిహేనేళ్ళు నివాసమున్నవాడు ముల్కీ. విశాలాంధ్ర ఏర్పడిన తరువాత పార్లమెంటు 1957లో ఉద్యోగాలలో నివాసార్హత చట్టం చేసింది. దానిక్రింద 1959లో వచ్చిన నిబంధనలకు మొదట అయిదేళ్ళ గడువు. 1964లో మరొక అయిదేళ్ళు పొడిగించారు. 1969 మార్చితో ఆ గడువు ముగియబోతున్నది. పదేళ్ళలో అమలు కానిది రెండునెలల్లో అవుతుందా అన్న ఆందోళన ఒకవైపు. విద్యుద్బోర్డు ప్రభుత్వశాఖ కాదు, స్వయంప్రతిపత్తిగల సంస్థ కనుక ఈ రక్షణలు దానికి అసలు వర్తిస్తాయా అన్న తగాదా మరొకవైపు. థర్మల్ కేంద్రం ఉద్యోగులకు ఈ రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి.

ప్రభుత్వం జనవరి 19న అఖిలపక్ష సమావేశం జరిపి ఒప్పందం కుదిర్చింది; 21న 36వ నంబరు జి.ఓ. ఇచ్చింది. రక్షిత పోస్టులలో వున్న స్థానికేతరులను ఫిబ్రవరి 28లోగా కదిలించి, ఆ స్థానాలలో తెలంగాణావారిని నియమిస్తామన్నది. కదిలించబడేవారు కోర్టుకెక్కారు. మార్చి 28న సుప్రీంకోర్టు ఏ.వి.యస్. నరసింహారావు కేసులో తీర్పు చెబుతూ, 1957 చట్టంలోని మూడవ సెక్షన్ తెలంగాణాకు సంబంధించినంతవరకు చెల్లదన్నది. రాజ్యాంగం 16వ అధికరణం మూడవ క్లాజు ప్రకారం నివాసార్హత పెట్టే అధికారం పార్లమెంటుకుంది. అయితే ఆ నివాసం రాష్ట్రం మొత్తానికి సంబంధించినదై వుండాలి, రాష్ట్రంలోని ఒక భాగానికి కాదు – తీర్పు సారం ఇది. పెద్దమనుషులు ఇచ్చిన మాటకు రాజ్యాంగంలో చోటులేదని అర్థమైన తరువాత, రాష్ట్రమే వేరుగా వుంటే తప్ప దారిలేదన్న వాదం విద్యార్థుల నోట బలపడటంలో ఆశ్చర్యం లేదు.

ఇక మన సంగతి. ఆనాడు రెండు కమ్యూనిస్టు పార్టీలూ విడిపోవడాన్ని వ్యతిరేకించాయి. కారణాలు తేలికైనవి కావు. విశాలాంధ్ర నినాదానికి వెనుక సాయుధపోరాటపు నెత్తురు వుంది. భాషారాష్ట్రం ప్రజాస్వామిక కోరిక అన్న సిద్ధాంతం వుంది. పైగా 1969 వేసవి గడిచేసరికి ఉద్యమం నాయకత్వం మర్రి చెన్నారెడ్డి చేతికి, ఆయన వెనుక నిలబడ్డ భూస్వామ్య, వ్యాపారవర్గాల చేతికి వెళ్ళిపోయింది. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణాలోని 14 స్థానాలలో పదింటిని గెలుచుకున్న తెలంగాణా ప్రజాసమితి, అదే సంవత్సరం కాంగ్రెసులో కలిసిపోయింది. ఉద్యమం పేరుతో చిన్న ఉద్యోగులమీద, బండిమీద కూరలమ్ముకునే కోస్తా పేదలమీద దాడులు జరిగిన మాట కూడా దాచకూడదు. ఇవన్నీ చూసి మనవాళ్ళు, ఇది అధికారంకోసం పాలకవర్గపు ముఠాల కొట్లాట అన్నారు.

ఆ మాటలో నిజం వుంది. లోపం కూడా వుంది. ముఠాల కొట్లాటలోకి దూకినవారి జాబితా చూసినప్పుడు, గాంధీచౌకులో పస్తున్న పిల్లవాడు ఏ ముఠాకు చెందినవాడు? ప్రాంతంలోని వనరుకూ ప్రాంతపు మనిషికీ సంబంధమేమిటని అతడు అడిగాడు. వర్గదృష్టితో చూసినా అది న్యాయమైన ప్రశ్నే. మనం జవాబుదారుల వర్గస్వభావాన్ని విశ్లేషించి ప్రశ్నను ప్రక్కకు పెట్టాము. నలభైయేళ్ళ తరువాత భారత కమ్యూనిస్టు పార్టీ ప్రత్యేక తెలంగాణాను బలపరచింది. మార్క్సిస్టు పార్టీ చివరిదాకా సమైక్యవాదం విడువలేదు. రెండు పార్టీల వాదనలూ ప్రచురితమై వున్నాయి గనుక వాటిని ఇక్కడ తిరగదోడను.

నా ప్రశ్న ఇంకొంచెం లోతుకు, అడవిలోకి పోతుంది.

పాల్వంచ చుట్టూ వున్న గూడేలు ఎవరివి? కోయలవి. కిన్నెరసాని నీరు ఎక్కడినుంచి వస్తుంది? కోయల అడవినుంచి. వారికంటే పాత స్థానికుడు ఆ నేలమీద లేడు. కాని 1969 జనవరిలో వినిపించిన కోరికలలో కోయ గూడెం భూమి ప్రస్తావన లేదు. అఖిలపక్ష ఒప్పందం ఉద్యోగాలచుట్టూ, తెలంగాణా మిగులు నిధులచుట్టూ తిరిగింది. 1956 ఒప్పందంలో తెలంగాణాలో వ్యవసాయభూముల అమ్మకాలు ప్రాంతీయసంఘం అదుపులో వుండాలన్న షరతు కూడా వుండేది. వీధులలో ఎక్కువగా వినపడినది కొలువుల షరతే. దీనికి విద్యార్థులను తప్పుపట్టి లాభం లేదు. చదువుకున్నవాడు చదువుతో దొరికేదాన్ని అడుగుతాడు. బడి లేని గూడెంనుంచి గాంధీచౌకుకు వచ్చి కూర్చునే కోయ విద్యార్థి ఆనాడు ఎంతమంది వుంటారు?

అయితే ఇది కేవలం మరపు కాదు, దీనికి ఒక పటం వుంది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు అయిదవ షెడ్యూలు క్రింద హైదరాబాదు రాష్ట్రపు గిరిజన ప్రాంతాలను ప్రకటించింది. అందులో పాల్వంచ తాలూకా గ్రామాలు, ఇల్లందు తాలూకా గ్రామాలు చేరాయి. కాని వాటిమధ్యనుంచి పాల్వంచ వూరు, కొత్తగూడెం పట్టణం, ఇల్లందు, సింగరేణి, బూర్గంపాడు, అశ్వారావుపేట, దమ్మపేట వంటివి మినహాయించబడ్డాయి. దుప్పటికి రంధ్రాలు పొడిచినట్లుంటుంది ఆ పటం. ఏ రంధ్రంలోకి చూసినా గని వుంటుంది, సంత వుంటుంది, కచేరీ వుంటుంది. చుట్టూ వున్న గుడ్డ కోయవాడిది. రంధ్రంలో నిలబడ్డ మనిషికి ఉద్యోగం ప్రశ్న అవుతుంది, చుట్టూ వున్నవాడికి భూమి ప్రశ్న అవుతుంది. 1969లో ఈ రెండు ప్రశ్నలు కొన్ని మైళ్ళ దూరంలో వుండికూడా ఒకదానినొకటి పలకరించుకోలేదు.

కోయలు నోరులేనివారని దీన్నిబట్టి అనుకుంటే పొరపాటు. గోదావరికి ఆవలి గట్టు కథ తెలిసినవారెవరూ అలా అనరు. భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు 1860లో నిజాము చేతినుంచి బ్రిటిషువారికి దఖలుపడి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చేరాయి. 1874లో వాటిని మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చారు. పోడు వ్యవసాయానికి గొడ్డలికింత అని స్వల్పమైన పన్నుతో సరిపెట్టుకున్న రేకపల్లి కొండవారికి, మద్రాసు ప్రభుత్వం పన్ను పెంచింది. కొన్ని చెట్లు నరకరాదన్నది. కొంత అడవి అసలే ముట్టుకోరాదన్నది. 1879లో రంపలో తిరుగుబాటు లేచినప్పుడు రేకపల్లి కూడా అందులోకి దూకడానికి ఇదే కారణమని మద్రాసు ప్రభుత్వపు గెజిటీరే ఒప్పుకుంటుంది. హద్దు కదిపినవారు ఆ కొండవారిని అడగలేదు. అడగనందుకు వారు చెప్పిన సమాధానం అది.

ఈవలి గట్టున కథ మరో విధం. 1945లో ఖమ్మంలో జరిగిన ఆంధ్రమహాసభ తరువాత సంఘం పల్లెపల్లెకూ ప్రాకింది. 1948లో భారత సైన్యం వచ్చాక గెరిల్లా దళాలు గోదావరి అడవులలోకి వెళ్ళాయి. వెళ్ళినచోట వారిని దాచి, అన్నంపెట్టి, దారిచూపినవారు కోయలు. వారిలోనుంచి దళనాయకులు వచ్చారు; పాల్వంచ అడవులలో పోరాడిన సోయం గంగులు 1951లో పోలీసుల చేతిలో ప్రాణం కోల్పోయాడు. ఆ సహాయానికి ప్రతీకారంగా సైన్యం గూడేలను తగలబెట్టి, జనాన్ని రోడ్లవెంట శిబిరాలకు తోలింది. మలయాలో బ్రిటిష్ సేనాని బ్రిగ్స్ అమలు జరిపిన పథకం పేరే దీనికీ వచ్చింది. అడవిలో గాలికీ వాగునీటికీ అలవాటైన మనుషులు ఆ ఇరుకు శిబిరాలలో అంటురోగాలతో ఎట్లా రాలిపోయారో పుచ్చలపల్లి సుందరయ్య తన ‘వీరతెలంగాణా విప్లవపోరాటం’లో వ్రాశారు. పోరాటం 1951లో విరమించారు. పల్లపు గ్రామాలలో పంచిన భూములలో ఎంతోకొంత నిలిచింది, కౌలుదారీ చట్టం వచ్చింది, శాసనసభకు మనవాళ్ళు ఎన్నికయ్యారు. శిబిరంనుంచి గూడేనికి తిరిగివచ్చిన కోయ కుటుంబానికి అడవి రిజర్వుగీత, గుమాస్తా, షావుకారు ఎదురువచ్చారు.

షావుకారును గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే వుంది. భద్రాచలం వైపు 1917నాటి మద్రాసు ఏజెన్సీ భూబదిలీ చట్టం వుండేది. పాల్వంచ వైపు నైజాంవారి 1949 గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్. నది రెండు గట్లమీద రెండు చట్టాలు, ఒకే జాతి మనుషులు. (ఈ నదిని దాటిన శిస్తు సొమ్ము సంగతి మాత్రం అందరికీ తెలుసు. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న ఆ సొమ్ముతోనే ఆవలి గట్టున గుడి కట్టాడు. ఆ శిస్తు కట్టినవారి పేర్లు కీర్తనలలో లేవు.) భద్రాచలం 1959లో తూర్పుగోదావరినుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. అదే ఏట ఆంధ్రప్రాంతపు ఏజెన్సీకి చేసిన భూబదిలీ రెగ్యులేషన్ను 1963లో తెలంగాణాకు కూడా విస్తరింపజేశారు. గిరిజనుడు గిరిజనేతరుడికి భూమి అమ్మాలంటే అధికారి అనుమతి కావాలన్నది దాని సారం. చూడడానికి గట్టి కంచెలాగే వుంటుంది. కాని ఒకసారి ఏ అప్పుకిందనో, కల్లుకిందనో, వేలిముద్రకిందనో భూమి గిరిజనేతరుడి చేతికి వచ్చిందంటే, అక్కడినుంచి మరొక గిరిజనేతరుడికి పోవడానికి అడ్డులేదు. మూడు చేతులు మారిన భూమికి మొదటి యజమాని ఎవరో నిరూపించవలసిన బాధ్యత కాగితం లేని కోయవాడిది.

1970 ఫిబ్రవరి 3న అమలులోకి వచ్చిన 1/70 రెగ్యులేషన్ ఈ రెండు దారులనూ మూసింది. ఏజెన్సీలో భూమిని ఎవరు అమ్మినా గిరిజనుడికే, లేదా గిరిజనుల సహకారసంఘానికే అమ్మాలి. గిరిజనేతరుడి చేతిలో వున్న భూమి, అతడు వేరుగా నిరూపించుకునేదాకా, గిరిజనుడినుంచి వచ్చినదేనని చట్టం భావిస్తుంది. రుజువు భారాన్ని ఒక భుజంమీదనుంచి మరొక భుజంమీదకు మార్చిన ఈ ఒక్క వాక్యం, స్థానికుడికి ఇచ్చిన రక్షణలన్నిటిలోకీ గట్టిది. ఖమ్మం దీక్షలకు ఏడాది తరువాత ఇది వచ్చింది. కాని ఖమ్మంవల్ల రాలేదు. శ్రీకాకుళం కొండలలో జరుగుతున్న గిరిజన పోరాటం ప్రభుత్వాన్ని భయపెట్టింది, భయంలోనుంచి చట్టం పుట్టింది.

చట్టం పుట్టగానే పార్టీలన్నిటి రంగూ బయటపడింది. కోస్తానుంచి వచ్చి అడవి కొట్టి పొలాలు చేసుకున్నవారిలో వందల ఎకరాల ఆసామీలున్నారు. రెండెకరాల రైతులూ వున్నారు. ఈ రెండెకరాల రైతు అనేకచోట్ల రైతుసంఘం సభ్యుడే. ఆసామీ ఎప్పుడూ ఈ చిన్నరైతును ముందుకు తోసి, చట్టం పేదవాణ్ణి రోడ్డుమీద వేస్తుందని కేకలు వేశాడు. ఇది ఎవరికీ సులువైన ముడి కాదు, వామపక్షాలకూ కాలేదు. ఎవరి భూమి ఎవరిదని తేల్చకుండా ఇద్దరు పేదలూ ఏకం కావాలనడం మీటింగులలో బాగుంటుంది, పొలంగట్టున నిలవదు. గిరిజనేతర భూస్వాములు హైకోర్టునుంచి సుప్రీంకోర్టుదాకా వెళ్ళారు, 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1/70 చెల్లుతుందన్నది. చెల్లిన చట్టం ఎంతమేరకు అమలైందన్నది వేరే కథ. ఉద్యోగాల విషయంలో 610 జి.ఓ. ఉల్లంఘనలపై విచారణ జరిపిన జె.యం. గిర్‌గ్లానీయే, తెలంగాణా గిరిజన భూముల సమస్యమీద కూడా నివేదిక వ్రాశారు. పల్లపు స్థానికుడి ఫిర్యాదునూ అడవి స్థానికుడి ఫిర్యాదునూ ఒకే బల్లమీద పెట్టుకున్నది, మనకు తెలిసినంతలో, ఏ ఉద్యమమూ కాదు, ఒక విశ్రాంత ఐ.ఏ.యస్. అధికారి!

ఇంతమాత్రాన ఏజెన్సీలో ఎర్రజెండా ఏమీ చేయలేదనడం అన్యాయం. భద్రాచలం నియోజకవర్గం 1978నుంచి 2004 ఎన్నికదాకా ఏడుసార్లు వరుసగా మార్క్సిస్టు పార్టీ అభ్యర్థిని గెలిపించింది. ముర్ల ఎర్రయ్యరెడ్డి, కుంజా బొజ్జి, సున్నం రాజయ్య – ముగ్గురూ గిరిజనులే. బొజ్జి మూడుసార్లు శాసనసభ్యుడైనా ఆస్తి కూడబెట్టని మనిషి. రాజయ్య అసెంబ్లీకి ఆటోలో వచ్చేవాడని పత్రికలు వింతగా వ్రాసేవి. గూడెంలో పుట్టినవాడు కొండ సమస్యను అసెంబ్లీలో తన నోటితో తాను చెప్పడం 1969లో లేని విషయం, అది సాధించుకున్నారు.

ఆ రాజయ్య జీవితంలోనే హద్దు మళ్ళీ కదిలింది. 2014లో తెలంగాణా ఏర్పడుతున్న సమయంలో, పోలవరం జలాశయంలో మునిగే గ్రామాలు ఒకే రాష్ట్రంలో వుండాలన్న కారణంతో, మే 29న ఆర్డినెన్సు వచ్చింది. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు, బూర్గంపాడులో కొంత, భద్రాచలం మండలంలోని పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణాలో ఉంచారు. 1950 పటంలోని రంధ్రం గుర్తుకువస్తోందా? గుడి ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలో గుడి మాన్యం మరొక రాష్ట్రంలో. అదే సంవత్సరం భద్రాచలంనుంచి తెలంగాణా శాసనసభకు ఎన్నికైన రాజయ్య స్వగ్రామం సున్నంవారిగూడెం వరరామచంద్రాపురం మండలంలో వుంది, అంటే పక్క రాష్ట్రంలో. తనకు ఓటువేసిన బంధువర్గం సగం తన సభ పరిధిలో లేదు.

తెలంగాణా రావాలని నిరాహారదీక్షలు చేసిన జిల్లాలోనే, తెలంగాణా వచ్చిన వారాలలోనే, ఆ జిల్లాలోని పాత స్థానికులు తాము ఏ రాష్ట్రంవారో ఢిల్లీ చెబితే తెలుసుకున్నారు. బందులు జరిగాయి, ధర్నాలు జరిగాయి. 1874లో రేకపల్లిని అడగనట్లే 2014లోనూ అడగలేదు. భూమి సేకరించాలంటే గ్రామసభను సంప్రదించాలని 1996నాటి పీసా చట్టం చెబుతుంది. గ్రామం మొత్తాన్ని వేరే రాష్ట్రానికి మార్చాలంటే అలాంటి షరతు ఏదీ లేదు.

ఇక చివరి సంఘటన. ఇది ఉపాధ్యాయ పాఠకులకు నేరుగా సంబంధించినది.

ఏజెన్సీ బడులలో పనిచేయవలసిన పల్లపు పంతుళ్ళు బడికి రారని, వచ్చినా పిల్లల భాష వారికి తెలియదని ఏళ్ళతరబడి ఫిర్యాదు. కోయ ఇంట్లో పుట్టిన అయిదేళ్ళ పిల్ల తెలుగు వాచకం తెరిస్తే, అది ఆమెకు పరాయి భాష. దీనికి పరిష్కారంగా 1986లో ఒక జి.ఓ., దానిపై వివాదాలయ్యాక 2000 జనవరి 10న గవర్నరు అధికారంతో మూడవ నంబరు జి.ఓ. వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంతాలలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నారు. గూడేల యువతీయువకులు టీచరు ట్రైనింగులో చేరారు. ఇరవైయేళ్ళపాటు, లోపాలు ఎన్ని వున్నా, ఆ ప్రాంతంలో ఒక చదువుకున్న తరం దానివల్ల నిలబడింది.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో ఈ జి.ఓ. చెల్లదన్నది. నూటికి నూరుపాళ్ళు రిజర్వేషను సమానత్వానికి విరుద్ధమన్నది. గవర్నరుకు అయిదవ షెడ్యూలు ఇచ్చిన అధికారం ఇంతదూరం పోదన్నది. అప్పటికే వుద్యోగాలలో వున్నవారిని తొలగించలేదు గాని, మళ్ళీ ఇలా చేయవద్దని రెండు ప్రభుత్వాలకూ చెప్పి, ఖర్చులకింద అయిదు లక్షలు విధించింది. దేశమంతా కరోనా తాళాలు పడివున్న వారాలవి. తాళాలు సడలగానే ఏజెన్సీలో యువకులు రోడ్డెక్కారు. రెండు ప్రభుత్వాలూ పునర్విచారణ కోరాలని ఆదివాసీ సంఘాలు పట్టుబట్టాయి.

1969 మార్చి తీర్పునూ ఈ తీర్పునూ ప్రక్కప్రక్కన పెట్టి చదవవలసిందిగా చరిత్ర విద్యార్థులను కోరుతున్నాను. యాభై ఒక్క సంవత్సరాల తేడాతో వచ్చిన రెండు తీర్పులలోనూ నివాసం అన్న మాట దగ్గరనే పీటముడి పడింది. పాల్వంచలో ఒక తరం అడిగిన ప్రశ్నను అదే అడవిలో మరొక తరం అడిగింది, ఈసారి కోయ గొంతుతో. 1969లో కోయవాడు ప్రక్కన లేకపోవడానికి అతనికి బడి లేదని కారణం చెప్పుకున్నాము. 2020లో మైదానపు విద్యార్థి, మైదానపు ఉపాధ్యాయుడు ఎంతమంది అతని ప్రక్కన నిలబడ్డారు? నిలబడనివారికి ఏ కారణం చెబుదాం? ఏజెన్సీలో కొలువులు తమకు కూడా తెరుచుకుంటాయన్న ఆశ వారిలో కొందరికైనా లేదా? స్థానికుడి హక్కు అన్న నినాదం మీద పెరిగిన తరం, తనకంటే పాత స్థానికుడు ఎదుటికి వచ్చేసరికి ప్రతిభను గురించి మాట్లాడటం వినవలసివచ్చింది.

మూడవ నంబరు జి.ఓ.లో ఒక చిన్న నిబంధన వుంది. అభ్యర్థిగాని, అతని తల్లిదండ్రులుగాని 1950 జనవరి 26నుంచీ ఆ ప్రాంతంలో ఎడతెగకుండా నివసిస్తూ వుండాలి. కోర్టు ఈ తేదీని కూడా నిర్హేతుకమన్నది. పైకి అది గిరిజనుడికి అనుకూలంగా పెట్టిన తేదీయే. కాని ఆ సంవత్సరాలలోనే పాల్వంచ అడవులలో గూడేలు తగలబడ్డాయి, కోయలను మిలిటరీ శిబిరాలకు తోలారు. ఆ కుటుంబాల మనుమలు, మనుమరాండ్రు ఇప్పుడు ఏ కాగితం చూపిస్తారు? అది అలా వుండగా, 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం గూడేలను తగలబెట్టినప్పుడు పారిపోయి ఈ అడవులలో తలదాచుకున్న వేలాది గుత్తికోయలు వున్నారు. భాష అదే, గోత్రాలు అవే, అడవి అదే. వారికి ఇక్కడ షెడ్యూల్డు తెగ ధ్రువపత్రం లేదు. వారి పిల్లలు చెట్లక్రింద నడిచే తాత్కాలిక బడులలో చదువుకుంటున్నారు. అక్కడ పాఠం చెప్పే కోయ యువకుణ్ణి ఆ పిల్లలు అన్నా అని పిలుస్తారు. రెవెన్యూ కచేరీలో మాత్రం అతడొక్కడే స్థానికుడు.